నువ్వుల నూనె అఖండ దీపం: వత్తి పెంచే నాబ్ ఉన్నా మూడు గంటలకే ఎందుకు కొండెక్కుతోంది?

కుంది_కోడలు:
అందరికీ నమస్కారం. దసరాకి మా ఇంట్లో తొమ్మిది రోజులూ అఖండ దీపం పెడతాం. ఇన్నేళ్లూ పెద్ద ప్రమిదలోనే పెట్టేవాళ్లం. అర్ధరాత్రి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి అత్తయ్యగారు లేచి చమురు పోసి వత్తి ఎగదోసేవారు. ఇప్పుడావిడకి మోకాళ్ల నొప్పులు. పైగా దీపం కొండెక్కుతుందేమోనన్న టెన్షన్‌తో కన్ను మూయరు. అందుకని గాజు చిమ్నీతో, వత్తిని పైకీ కిందకీ జరిపే నాబ్‌తో ఉన్న ఇత్తడి దీపం ఒకటి కొన్నాం. నూనె గిన్నె 5 సెం.మీ. వెడల్పు, 7 సెం.మీ. లోతు. నిండా నువ్వుల నూనె పోసి వెలిగిస్తే మొదటి గంట బాగానే ఉంటుంది. మూడు గంటలయ్యేసరికి మంట గోరంతకి దిగిపోతుంది. నాబ్ తిప్పి వత్తి పెంచితే కాసేపు భగ్గున మండి, మసి చిమ్మి, మళ్లీ తగ్గిపోతుంది. వత్తి చూస్తే బొగ్గు. గిన్నెలో నూనె మాత్రం సగం పైనే ఉంటుంది. మా ఆయనకి చిన్న లేత్ షాపు ఉంది, కావాలంటే కొత్తది చేసిస్తానంటున్నారు. మార్చాల్సింది నాబ్ పళ్లనా, వత్తినా?

సాయంత్రం_సైకిల్:
మా ఊళ్లో ఒకాయన నువ్వుల నూనెలో నాలుగు చెంచాల కిరోసిన్ కలిపేవాడు. చివరి బొట్టు దాకా వెలిగేది.

రిటైర్డ్_ఫిట్టర్:
ఆ పని మాత్రం చేయకండమ్మా. నువ్వుల నూనె ఆవిరికి నిప్పంటుకోవాలంటే నూనె 300 డిగ్రీలకి అటూ ఇటూ వేడెక్కాలి. కిరోసిన్‌కి 40 లోపే చాలు. మే నెలలో మన గదుల్లో ఉండే వేడే అంత. లాంతరులో బర్నర్ మూతి బిగించి ఉంటుంది కాబట్టి సరిపోయింది. మూత లేని పూజ దీపంలో కిరోసిన్ పోస్తే మంట వత్తి మీద ఆగదు, నూనె మీదంతా పాకుతుంది. పైగా అత్తగారు అఖండ దీపంలో కిరోసిన్ ఒప్పుకుంటారా?

ఇక మీ దీపం సంగతి. నాబ్‌లో తప్పేమీ లేదు, వత్తిలోనూ పెద్ద తప్పు లేదు. ఆ కొలతలు లాంతరు కొలతలు. లాంతరులో కిరోసిన్ నీళ్లలా పలచన, జానెడు లోతు నుంచైనా వత్తి వెంట పాకి పైకొస్తుంది. నువ్వుల నూనె దానికంటే ఇరవై రెట్లకు పైగా చిక్కన. అది ఒక సెంటీమీటరు హుషారుగా ఎక్కుతుంది, రెండో సెంటీమీటరు దాటాక ఆయాసపడుతుంది. వత్తి కొనకి, నూనె మట్టానికి మధ్య దూరం రెట్టింపైతే అందే నూనె సగానికి పడిపోతుంది, ఇంకా తక్కువే కావచ్చు.

ఒక వత్తి దీపం గంటకి 6 గ్రాములు తాగుతుందనుకోండి, అంటే సుమారు ఆరున్నర మి.లీ. మీ దీపం ఎంత తాగుతోందో వంటింటి కాటా మీద పెట్టి గంట ముందు, గంట తర్వాత తూచుకోవచ్చు. 5 సెం.మీ. వెడల్పు గిన్నెలో మట్టం ఒక సెంటీమీటరు దిగిందంటే 20 మి.లీ. ఖర్చైనట్టు. అంటే మూడు గంటలు. మీరు చెప్పిన మూడు గంటలూ అవే! ఆ తర్వాత గిన్నెలో ఎంత నూనె ఉన్నా మంటకి చేరదు.

వత్తి పెంచగానే ఎందుకు భగ్గుమంటుందంటే, వత్తిలో అప్పటికే ఇంకి ఉన్న నూనె ఒక్కసారిగా మండుతుంది. అది కాస్తా అయిపోయాక దూది కాలుతుంది. నూనె అందుతున్నంతసేపు కాలేది నూనే, వత్తి కాదు. కొన నల్లబడితే నాబ్ తిప్పే ముందు మట్టం ఎంత దిగిందో చూడండి.

కాబట్టి కొత్తది చేయించేటప్పుడు లోతు తగ్గించి వెడల్పు పెంచండి. 12 సెం.మీ. వెడల్పు పళ్లెం లాంటి గిన్నె తీసుకుంటే ఒక సెంటీమీటరు నూనె అంటే 113 మి.లీ. అదే వత్తికి 17 గంటలు. రాత్రంతా ఎవరూ లేవక్కర్లేదు. మన ప్రమిద, కుంది వెడల్పుగా, లోతు తక్కువగా ఉండేది ఊరికే కాదు.

కుంది_కోడలు:
ఎంత బాగా చెప్పారండీ! మా ఆయన లెక్క వేసి చూసుకుని మరీ నవ్వుతున్నారు. అయితే వత్తి పెంచే ఏర్పాటే అక్కర్లేదంటారా? అత్తయ్యగారికి పగలు చిన్న మంట, సాయంత్రం హారతి వేళకి పెద్ద మంట కావాలి.

రిటైర్డ్_ఫిట్టర్:
ఉండాలమ్మా, కాకపోతే వేరే రకంగా. లాంతరులో పళ్ల చక్రం పట్టీ వత్తిని కరిచి పట్టుకుంటుంది. ఆ వత్తి గట్టి నేతది కాబట్టి కదులుతుంది. మనం చేత్తో నలిపే దూది వత్తిని ఆ పళ్లు పీకి పోగులు చేస్తాయి, లేదా ఒకచోట నొక్కేసి నూనె దారి మూసేస్తాయి. అందుకని వత్తిని కదపకండి, దాని చుట్టూ ఉన్న గొట్టాన్ని కదపండి. మంట సైజు వత్తి ఎంత పొడవు బయట ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది కదా. గొట్టం దించితే వత్తి ఎక్కువ బయటపడి మంట పెరుగుతుంది. పైకి తీస్తే తగ్గుతుంది.

మీ ఆయనకి చెప్పాల్సింది ఇదీ. గిన్నె మధ్యలో ఇత్తడి గొట్టం నిలబెట్టాలి. దాని పై అంచు నిండు మట్టానికి 8 నుంచి 10 మి.మీ. మించి ఎత్తు ఉండకూడదు. నూనెలో మునిగే భాగానికి నిలువుగా మూడు నాలుగు గాట్లు పెడితే నూనె లోపలికి తేలిగ్గా వస్తుంది. వత్తి రెండు వేళ్లతో లాగితే జారేంత వదులుగా ఉండాలి. బిగుతైతే నూనె ఎక్కదు. ఈ గొట్టం మీద ఇంకో పొట్టి గొట్టం తొడగండి. లేత్ అనగానే మరలు కోయాలనిపిస్తుంది గానీ వద్దు. వేడికి నువ్వుల నూనె జిగురై మరల్లో పట్టేస్తుంది, పండగ మధ్యలో పట్టకారు పట్టుకోవాల్సి వస్తుంది. బయటి గొట్టానికి వాలుగా ఒక గాడి, లోపలి గొట్టానికి చిన్న పిన్ను చాలు. అటూ ఇటూ తిప్పితే పైకీ కిందకీ జరుగుతుంది. తిప్పడానికి వేలెడు పొడవు స్టీలు చువ్వ పెట్టి చివర చెక్క పూస గుచ్చండి. ఇత్తడి చువ్వైతే చెయ్యి కాలుతుంది, స్టెయిన్‌లెస్ స్టీలు అంత వేడి లాగదు.

అతుకులు టంకంతో వద్దు. మామూలు టంకం 183 డిగ్రీలకే కరగడం మొదలవుతుంది, మంట పక్కన నిలవదు. బ్రేజింగ్, అంటే ఇంకా ఎక్కువ వేడికి కరిగే లోహంతో అతికించడం, అది చేయించండి. బయట ఉండే వత్తి 3 నుంచి 5 మి.మీ. చాలు. అంతకు మించితే వెలుగు పెరగదు, మసి పెరుగుతుంది.

చిమ్నీ గురించి కూడా. గాజు కింద గాలి వచ్చే కన్నాలు లేకపోతే ఎంత మంచి వత్తైనా పొగే. పైన ఎంత నోరుందో కింద కన్నాలన్నీ కలిపి కనీసం అంత ఉండాలి.

ఫిజిక్స్_మాస్టారు:
ఫిట్టర్ గారూ, ఈ ఇబ్బంది యూరప్‌లో పెద్ద పెద్దవాళ్లనే తిప్పలు పెట్టింది. 1780 ప్రాంతంలో జెనీవాకి చెందిన ఏమే ఆర్గాండ్ గుండ్రంగా గొట్టంలా ఉండే వత్తితో దీపం చేశాడు. లోపలి నుంచీ, బయటి నుంచీ గాలి తగులుతుంది, చుట్టూ చిమ్నీ, వత్తి ఎత్తడానికి, దించడానికి ఏర్పాటు. ఒక్క దీపం ఆరేడు కొవ్వొత్తులంత వెలుగిచ్చేది. అయితే అప్పుడు వాడేదీ చిక్కటి నూనెలే. పైకి ఎక్కదు కాబట్టి నూనె డబ్బాని పక్కన, మంట ఎత్తుకి పెట్టాల్సి వచ్చింది. ఆ డబ్బా నీడ గదిలో సగం మేర పడేది. 1800లో పారిస్‌లో కార్సెల్ అనే గడియారాల పనివాడు గడియారపు స్ప్రింగుతో నడిచే పంపు పెట్టి అడుగు నుంచి నూనెని పైకి తోయించాడు. అందులో నాకు నచ్చింది ఏమిటంటే, కాలేదానికంటే ఎక్కువ నూనె పంపడం. మిగిలింది పొర్లి కిందకి వస్తుంది, దాంతో వత్తి కొన త్వరగా బొగ్గవదు. 1850ల్లో కిరోసిన్ వచ్చాక ఈ తెలివంతా అటకెక్కింది. పలచటి నూనె దొరికాక పంపు ఎవరిక్కావాలి?

సాయంత్రం_సైకిల్:
మట్టం దిగే కొద్దీ వత్తి దానంతటదే ముందుకొచ్చేలా తేలే బెండు ఏదైనా పెడితే?

ఫిజిక్స్_మాస్టారు:
క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలోనే అలెగ్జాండ్రియాలో హీరో అనే ఆయన ఇది రాసిపెట్టాడు. నూనె మీద తేలే బెండు, దానికి పళ్ల కడ్డీ, ఆ కడ్డీ తిప్పే చక్రం, చక్రం నెట్టే వత్తి. తొమ్మిదో శతాబ్దపు బాగ్దాద్‌లో బనూ మూసా సోదరులూ ఇలాంటివి గీశారు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ కుంది_కోడలు గారి జబ్బుకి ఇది మందు కాదు. వత్తిని ముందుకు నెడుతుంది, మట్టాన్ని పైకి తేదు.

జెర్సీ_తెలుగమ్మాయి:
మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. మేం న్యూజెర్సీలో ఉంటాం. చలికాలంలో కొబ్బరి నూనె, నెయ్యి రెండూ గిన్నెలోనే గడ్డకడతాయి. వత్తి చుట్టూ కరిగినంత మేర కాలి దీపం ఆరిపోతుంది. దానికేమైనా ఉందా?

రిటైర్డ్_ఫిట్టర్:
కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, మీ దగ్గర అది మామూలేనమ్మా. వేలెడు వెడల్పు రాగి రేకు ఒకటి తీసుకుని, ఒక కొన మంట పక్కకి వచ్చేలా, రెండో కొన నూనె అడుగుకి ఆనేలా వంచి పెట్టండి. మంట వేడిని రాగి కిందకి తెస్తుంది, నూనె కరిగే ఉంటుంది. నువ్వుల నూనెకీ ఇది పనికొస్తుంది, వేడెక్కితే పలచనై బాగా ఎక్కుతుంది. గిన్నె అంచు ముట్టుకుంటే గోరువెచ్చగా ఉండాలి. చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే రేకు సన్నం చేయండి.

బెజవాడ_పిన్ని:
వత్తి గురించి ఎవరూ చెప్పట్లేదు. కొత్త గుడ్డ చింపి వత్తి చేస్తే గంజి ఉంటుంది, నూనె పీల్చదు. పచ్చి పత్తికి సహజంగా మైనం ఉంటుంది, అదీ సరిగా పీల్చదు. మందుల షాపు దూది గానీ, బాగా ఉతికిన పాత పంచె గుడ్డ గానీ వాడండి. ఎండలో ఆరబెట్టి, వెలిగించే ముందు నూనెలో పూర్తిగా నాననివ్వాలి. తడి ఉంటే చిటపటలాడుతుంది. ఆముదం కలిపితే ఎక్కువసేపు వెలుగుతుందని కొందరంటారు. నిజమే, కానీ అది నువ్వుల నూనె కంటే సుమారు పది రెట్లు చిక్కన. ఇంతసేపూ చెప్పుకున్న బాధంతా మళ్లీ మొదటికొస్తుంది. కలిపితే పిసరంతే.

ఇంకోటి, గొట్టాలు రెండు పెట్టించు తల్లీ. ఎంత చేసినా రోజుకి ఒకసారైనా కొన పెచ్చు కడుతుంది. రెండో వత్తి వెలిగించి మొదటిది శుభ్రం చేసుకుంటే అఖండం అఖండంగానే ఉంటుంది.

కుంది_కోడలు:
పిన్నిగారూ, ఆ రెండు గొట్టాల మాట విని అత్తయ్యగారు మిమ్మల్ని చూడాలంటున్నారు. 12 సెం.మీ. గిన్నె చేశారు. ఫిట్టర్ గారు చెప్పినట్టే గాడి, పిన్ను. రాత్రి ఎనిమిదింటికి ఒక వత్తి వెలిగిస్తే తెల్లారి పూజ దాకా అదే మంట. మా ఆయనకి ఉత్సాహం ఆగక, నూనె పోసే పనే లేకుండా లీటరు గాజు సీసాని తలకిందులుగా గిన్నెలో నిలబెట్టారు, కోళ్ల ఫారంలో నీళ్లు పెడతారే, అలా. మట్టం సీసా మూతి కిందకి దిగితే బుడగ లోపలికి వెళ్లి నూనె దిగుతుంది. నాలుగు రోజులు బ్రహ్మాండం. అయిదో రోజు పొద్దున నూనె అంచు దాటి పీట మీదకి పొర్లింది. సీసాలో పావు వంతే మిగిలింది, అయినా ఎందుకు పొర్లింది?

ఫిజిక్స్_మాస్టారు:
పావు వంతే మిగిలింది కాబట్టే పొర్లింది. సీసాలో 750 మి.లీ. గాలి ఉందన్నమాట. మీ పూజ గదికి తూర్పు కిటికీ ఉందా? ఎండ నేరుగా తగిలి ఆ గాలి 20 డిగ్రీలు వేడెక్కిందంటే పదిహేనో వంతు వ్యాకోచిస్తుంది. అంటే దాదాపు 50 మి.లీ. నూనెని బయటికి తోస్తుంది. మీ గిన్నెలో అది 4 మి.మీ. పైచిలుకు. సీసా నిండుగా ఉన్న మొదటి రోజు గాలే లేదు, అందుకే ఏమీ కాలేదు.

కుంది_కోడలు:
తూర్పు కిటికీయే! సీసా తీసేయాలా?

ఫిజిక్స్_మాస్టారు:
తీయక్కర్లేదు. లీటరుది మార్చి పావు లీటరుది పెట్టండి. అది ముప్పాతిక ఖాళీ అయినా అదే ఎండకి 13 మి.లీ. మించి తోయదు, మట్టం ఒక్క మిల్లీమీటరు పెరుగుతుంది. కిటికీకి తెర వేయండి, సీసాని మంటకి దూరంగా గిన్నె అంచు వైపు జరపండి.

రిటైర్డ్_ఫిట్టర్:
గిన్నె అంచు మట్టం కంటే సెంటీమీటరు ఎత్తు పెంచమనండి. గొట్టాలు ఉన్నచోటే ఉండనివ్వండి. సీసా మూతి సెంటీమీటరు కంటే సన్నగా ఉంటే చిక్కటి నూనెలో బుడగ ఇరుక్కుంటుంది, కాస్త వెడల్పు మూతిది వెతికి కింద మూడు కాళ్ల స్టాండు పెట్టండి. దీపం మొత్తాన్ని అంచున్న ఇత్తడి పళ్లెంలో పెట్టండి. ఒక వత్తే వెలిగితే పావు లీటరు రోజున్నర వస్తుంది. హారతికి రెండోదీ వెలిగిస్తారు కాబట్టి రోజూ పొద్దున్నే నింపేసుకోండి. సీసా తీసేటప్పుడు మూతికి వేలు అడ్డం పెట్టి తీయండి, లేదంటే లోపలున్నదంతా ఒక్కసారే గిన్నెలో పడుతుంది.