మొదటిసారి దేశం దాటుతున్నాం: అత్యవసరానికి డబ్బు ఎలా సర్దుకోవాలి?

పర్లాకిమిడి పిల్ల:
ఒడిశా తెలుగువాళ్లందరికీ నమస్కారం. సెప్టెంబరు ఆఖరులో మాస్టర్స్‌కి జర్మనీ వెళ్తున్నాను. మా ఇంట్లో విమానం ఎక్కబోయే మొదటి మనిషిని నేనే. బ్లాక్డ్ అకౌంట్‌లో (ఖర్చుల డబ్బు ముందే కట్టి, అక్కడికి వెళ్లాక నెలనెలా తీసుకునే ఖాతా) ఏడాదికి చూపించాల్సిన 11,904 యూరోలు ఎడ్యుకేషన్ లోనుతో కట్టేశాం. టికెట్ కూడా అయిపోయింది. అక్కడ అనుకోనిది ఏదైనా అయితే చేతిలో ఎంత ఉండాలి, ఏ రూపంలో ఉండాలి అన్నదే ఇప్పుడు ఇంట్లో రోజూ చర్చ. అమ్మ తన గొలుసు, గాజులు ఇప్పుడే కుదువ పెట్టి డబ్బంతా నా ఖాతాలో వేసేద్దామంటోంది. నాన్న చీటీ పాడతానంటున్నారు. అన్నయ్య మాత్రం క్రెడిట్ కార్డు ఉంటే చాలంటాడు. నాకు జీతం లేదు కాబట్టి బ్యాంకు కార్డు ఇవ్వనంది. వెళ్లినవాళ్లు, ఇంటి దగ్గర ఉండి డబ్బు పంపినవాళ్లు మీకు జరిగింది చెప్పండి.

బరంపురం నుంచి బెర్లిన్:
చెల్లెమ్మా, బ్లాక్డ్ అకౌంట్‌లో డబ్బుంది కదా అని ధీమాగా ఉండకు. అది నీ డబ్బే, కానీ దిగిన రోజున నీ చేతికి రాదు. గది దొరకాలి, ఊరి ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవాలి, మామూలు బ్యాంకు ఖాతా తెరవాలి, ఆ ఖాతా వివరాలు బ్లాక్డ్ అకౌంట్ వాళ్లకి పంపాలి. అప్పుడుగానీ నెలకి 992 యూరోల చొప్పున వదలరు. ఆ నమోదుకి అపాయింట్‌మెంట్ దొరకడానికే వారాలు పట్టే ఊళ్లున్నాయి. ఈలోగా అద్దె, అడ్వాన్సు, హెల్త్ ఇన్సూరెన్సు (విద్యార్థులకి నెలకి 140 యూరోల పైనే), తిండి, చలికి దుప్పటి, అన్నీ బయటి డబ్బుతోనే గడవాలి. అత్యవసరం అనగానే జబ్బు, దొంగతనం గుర్తొస్తాయి. మనవాళ్లలో ఎక్కువమందికి ముందు కటకట వచ్చేది ఈ ఖాళీ వారాల్లోనే.

అడ్వాన్సు సంగతి తప్పకుండా గుర్తుపెట్టుకో. అక్కడి చట్టం ప్రకారం, ఇతర ఖర్చులు కలపని అద్దెకి మూడు నెలలకి మించి అడ్వాన్సు అడగకూడదు. దాన్ని కూడా మూడు సమాన నెలసరి వాయిదాల్లో కట్టే హక్కు అద్దెకి దిగేవాళ్లకి ఉంది. ఇంటివాళ్లు తమంతట తాము చెప్పరు, మర్యాదగా మనమే అడగాలి. నాకు మొదటి నెల ఊపిరాడింది ఆ ఒక్క మాటతోనే.

ఇంకొకటి, నా కళ్లముందు జరిగింది. నాతో పాటు దిగిన రాయగడ వైపు కుర్రాడు స్టేషన్‌లో ఏటీఎంలో కార్డు పెడితే, మెషిన్ బయటికి తోసేసింది. మనకి 2020 అక్టోబరు నుంచి ఉన్న ఆర్‌బీఐ నిబంధన ప్రకారం కొత్త కార్డుల్లో విదేశీ వాడకం ఆఫ్‌లోనే ఉంటుంది, మనమే ఆన్ చేసుకోవాలి. వాడు యాప్ తెరిచాడు. ఓటీపీ పంపామంది. ఆ ఓటీపీ రావాల్సిన సిమ్‌కి రోమింగ్ లేదు. రోమింగ్ కోసం రీఛార్జి చేద్దామంటే డబ్బు కట్టడానికి మళ్లీ ఓటీపీ. అక్కడ రాత్రి పదకొండు, ఇంటి దగ్గర రెండున్నర. వాళ్ల నాన్నగారు ఫోన్ ఎత్తారు పాపం, కానీ ఆ వేళప్పుడు ఆయన మాత్రం ఏం చేస్తారు? మర్నాడు ఆదివారం, స్టేషన్లలోవి తప్ప దుకాణాలన్నీ మూత. నా దగ్గర చిన్న నోట్లు ఉండబట్టి ఇద్దరికీ సరిపోయింది.

అందుకని డబ్బు మూడు చోట్ల ఉండాలి. ఒంటిమీద యూరో నోట్లు, ఒక ఫారెక్స్ కార్డు (ముందే యూరోలు నింపుకుని వాడే కార్డు), ఇంకో బ్యాంకుది అంతర్జాతీయ డెబిట్ కార్డు. ఒక్కటైనా ఫోన్ లేకుండా పనిచేసేది అయ్యుండాలి. ఇండియాలో మాత్రమే చెల్లే రూపే కార్డు అక్కడ పనికిరాదు, మీద అంతర్జాతీయ గుర్తు ఉందో లేదో చూసుకో. మెషిన్ "రూపాయల్లోనా, యూరోల్లోనా?" అని అడిగితే యూరోలే నొక్కు. రూపాయలు నొక్కితే మారకం రేటు వాళ్లిష్టం.

జయపురం బ్యాంకు బాబాయ్:
అమ్మాయ్, నేను ఫారెక్స్ పని చూసే బ్రాంచిలో పనిచేసి రిటైరయ్యాను. మన జిల్లాల్లో చిన్న బ్రాంచీలు చాలావాటిలో విదేశీ మారకం అక్కడికక్కడ జరగదు. కాగితాలు తీసుకుని పెద్ద బ్రాంచికి పంపుతారు. నాన్నగారు పొద్దున పది గంటలకి ఫారం ఇచ్చినా డబ్బు అక్కడ చేరేసరికి రెండు మూడు పనిదినాలు అనుకోండి. మధ్యలో రెండో శనివారమో, నాలుగో శనివారమో పడితే ఇంకా ఆలస్యం. నువ్వు దిగేది సరిగ్గా దసరా ముందు. ఒడిశాలో దసరాకి బ్యాంకులకి వరుస సెలవులుంటాయి. ఆ రోజుల్లో ఇంట్లో లక్షలున్నా నీకు ఒక్క యూరో పంపలేరు. ఈ మాట నాన్నగారికి నొక్కి చెప్పు.

నిబంధనలు కష్టమేం కావు. నోట్ల రూపంలో మనిషికి ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల విలువ వరకు కొనుక్కోవచ్చు, నీకు అందులో పావు వంతు కూడా అక్కర్లేదు. రూపాయల నగదు ఇచ్చి కొనగలిగేది 50,000 వరకే, ఆపైన ఖాతా నుంచే చెల్లించాలి. పర్లాకిమిడిలో యూరోల కోసం తిరగకు, బరంపురంలోనో విశాఖలోనో ముందే కొను. ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో రేటు ఎక్కువ. పెద్ద నోట్లు వద్దు, ఇరవైలు, యాభైలు అడుగు. మన రూపాయలు కూడా 25,000 వరకు వెంట తీసుకెళ్లొచ్చు, తిరిగొచ్చినప్పుడు ఆటోకైనా ఉంటాయి.

ఇంటి నుంచి పంపేటప్పుడు పంపేవాళ్లకి పాన్ ఉండాలి, ఏ2 ఫారం మీద సంతకం చేయాలి. ఒక ఆర్థిక సంవత్సరంలో పది లక్షలు దాటేదాకా టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు పట్టుకునే పన్ను) లేదు కాబట్టి దాని గురించి టెన్షన్ పడకండి. క్రెడిట్ కార్డు కావాలంటే జీతం అక్కర్లేని దారి ఒకటుంది. నీ పేరున చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, దాని హామీ మీద కార్డు అడుగు. డిపాజిట్‌కి వడ్డీ వస్తూనే ఉంటుంది. కార్డు ఇంటికి రావడానికి టైం పడుతుంది, ఇప్పుడే మొదలుపెట్టు.

గుణుపురం అత్త:
అమ్మ గొలుసు ఇప్పుడే కుదువ పెట్టొద్దమ్మా. నేను అమ్మని కాబట్టి ఆవిడ మనసు నాకు తెలుసు. పిల్ల దూరం వెళ్తుంటే ఏదో ఒకటి ఇచ్చేయాలనిపిస్తుంది. కానీ బంగారం ఇంట్లో ఉంటేనే బలం. ఇప్పుడు పెడితే అవసరం వచ్చినా రాకపోయినా వడ్డీ నడుస్తుంది, నిజంగా అవసరం వచ్చేసరికి ఇంట్లో ఏమీ మిగలదు.

మా అబ్బాయికి అక్కడ రైల్లో బ్యాగు పోయింది. లాప్‌టాప్, పర్సు అందులోనే. నేను పదిన్నరకి గాజులు పట్టుకుని బ్యాంకుకి వెళ్లాను. తూకం వేసి, రాయి మీద గీసి చూసి, ఫోటో తీసి, మధ్యాహ్నం లోపే రూపాయలు ఖాతాలో వేశారు. అక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు. ఆ రూపాయలు యూరోలై వాడికి చేరడానికే రోజులు పట్టాయి. మధ్యలో ఆదివారం. ఆ రోజులన్నీ వాణ్ని ఆదుకున్నది ఫారెక్స్ కార్డుతో పాటు ఇచ్చిన రెండో కార్డు. పర్సులో కాకుండా పెట్టె అడుగున, పచ్చడి సీసాల కవరులో పెట్టి పంపాను. పర్సుతో పోయిన కార్డుని యాప్‌లో ఆపేసి, రెండోది వాడుకున్నాడు. కార్డు తీసుకునేటప్పుడే రెండోది ఇస్తారా అని అడగమ్మా, అడక్కపోతే కొన్నిచోట్ల ఇవ్వరు.

నాన్నగారి చీటీ ఇప్పుడే పాడటం మంచిదే, ఆ డబ్బుతో యూరోలు ముందే కొనండి. ముందు యూరోలు, వెనక బంగారం.

ఠాకురాణి వీధి కుర్రాడు:
మనలో అందరం చదువులకి వెళ్లం కదా, నేను పనికి దుబాయ్ వచ్చాను. పనికి వచ్చేవాళ్లకి నా మాట: మొదటి జీతం నెల గడిచాకే, కొన్ని కంపెనీల్లో ఇంకా ఆలస్యం. ఆ నెల తిండికి, ఫోన్‌కి సరిపడా దిర్హాములు విడిగా ఉండాలి, ఏజెంటు ఇస్తానన్న అడ్వాన్సు లెక్కలోకి తీసుకోవద్దు. ఏజెంటు తీసుకోదగ్గ సర్వీసు ఛార్జి 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. లక్షలు అడిగితే మీ అత్యవసరం డబ్బు ఊళ్లోనే అయిపోయినట్టే. పది పాస్ కాని తమ్ముళ్ల పాస్‌పోర్టుకి ఎమిగ్రేషన్ అనుమతి కావాలి. దాంతో వచ్చే ప్రవాసీ భారతీయ బీమా యోజన ప్రీమియం రెండేళ్లకి 275 రూపాయలే, ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా పది లక్షలు. విజిట్ వీసా మీద పనికి పంపుతామంటే ఈ రక్షణ ఏదీ ఉండదు, ఒప్పుకోవద్దు.

మా ముత్తాత గోపాలపురం రేవులో ఓడెక్కి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లారు. తిరుగు ఓడ ఛార్జి, కూలీల్ని తీసుకెళ్లే మేస్త్రీ చేతికి ఇవ్వకుండా మరో ఊరివాడి దగ్గర దాచారని ఇంట్లో చెబుతారు. నేనూ తిరుగు టికెట్ డబ్బు కంపెనీకి, ఏజెంటుకి తెలియని ఖాతాలో పెట్టాను. ఏ దారీ లేనప్పుడు మన ఎంబసీకి, కాన్సులేట్‌కి వెళ్లండి. 2009 నుంచి ప్రవాసుల సంక్షేమ నిధి ఉంది, నిజంగా చిక్కుకున్నవాళ్లకి బస, తిండి, తిరుగు టికెట్ వరకు అందులోంచి సాయం చేస్తారు. అడగడానికి మొహమాటం వద్దు.

రాయగడ బావ:
ఇంత హడావుడి ఎందుకు? అక్కడ మనవాళ్లెవరైనా యూరోలు చేతికిస్తారు, ఇక్కడ వాళ్లింట్లో రూపాయలు ఇచ్చేస్తే సరి. మా వాడు అలాగే చేశాడు, పది నిమిషాల్లో అయిపోయింది.

జయపురం బ్యాంకు బాబాయ్:
బాబూ, పది నిమిషాల్లో అయ్యేది హుండీ, అంటే బ్యాంకుతో పని లేకుండా డబ్బు చేతులు మార్చే దొంగదారి. విదేశంలో ఉన్నవాళ్ల తరఫున ఇక్కడ ఇలా రూపాయలు పుచ్చుకోవడం ఫెమా (విదేశీ మారకం) చట్టం ఒప్పుకోదు. రెండు వైపులా పిల్లలు చిక్కుల్లో పడతారు. స్నేహితుడు అక్కడ అప్పిస్తే తీసుకో, అక్కడే సంపాదించాక అక్కడే తీర్చు. అది వేరు.

పర్లాకిమిడి పిల్ల:
అందరికీ చాలా చాలా థాంక్స్. నిన్న రాత్రి ఇవన్నీ అమ్మకి, నాన్నకి చదివి వినిపించాను. చీటీ ఈ నెలలోనే పాడుతున్నాం. అందులోంచి 400 యూరోలు నోట్లు, వెయ్యి యూరోలు ఫారెక్స్ కార్డులో. రెండో కార్డు పచ్చడి కవరులోనే! డిపాజిట్ మీద కార్డుకి అర్జీ పెట్టేశాను. రోమింగ్ ప్యాక్ ఇక్కడే వేయించుకుని, విశాఖలో ఒకసారి ఓటీపీ పరీక్షిస్తాను. గొలుసు అమ్మ మెడలోనే ఉంటుంది.

ఒక్క సందేహం. నాన్నకి తెలుగు, ఒడియా వచ్చు, ఇంగ్లీషు రాదు. నేను లేనప్పుడు ఏ2 ఫారం ఆయన ఒక్కరే ఎలా చేస్తారు?

జయపురం బ్యాంకు బాబాయ్:
నువ్వు వెళ్లేలోపు ఆయన్ని ఒకసారి బ్రాంచికి తీసుకెళ్లి, ఫారెక్స్ కాగితాలు ఎవరు చూస్తారో పరిచయం చెయ్యి. నీ వివరాలు నింపిన ఫారం జిరాక్సులు రెండు ఇంట్లో ఉంచు. అక్కడ ఖాతా తెరిచాక ఆ నంబరు పెద్ద అక్షరాలతో రాసి ఫోటో పంపు, అది చూసి రాస్తారు. పాన్, ఆధార్ లింకు అయ్యాయో లేదో ఇప్పుడే చూడు. ముఖ్యంగా సంతకం. మన వైపు చాలామందికి ఖాతాలో తెలుగు సంతకం, పాన్ కార్డు మీద ఒడియా సంతకం ఉంటుంది, ఫారం వెనక్కి వచ్చేది అక్కడే. ఖాతాలో ఏది ఉందో కనుక్కుని ఫారం మీద అదే చేయించు. తేడా ఉంటే దసరాకి ముందే మార్పించు.