మధురవాడలో రెండంతస్తుల ఇల్లు: సామగ్రితో సహా కాంట్రాక్టుకు ఇవ్వాలా, కూలి మాత్రమే ఇవ్వాలా?

కొమ్మాది నివాసి
అందరికీ నమస్కారం. విశాఖపట్నం మధురవాడ దగ్గర మాకు 200 గజాల తూర్పు ముఖం స్థలం ఉంది. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) నుంచి ప్లాను అనుమతి వచ్చింది. కింద ఒక పోర్షను, పైన ఒకటి కట్టాలని మా ఆలోచన. ఒక కాంట్రాక్టరు సామగ్రితో సహా చదరపు అడుగు లెక్కన కట్టి ఇస్తామంటున్నారు. సిమెంటు, ఇనుము మనమే కొని, కూలి పని మాత్రం మేస్త్రీకి అప్పగించడం మేలని మా మేనమామ అభిప్రాయం. నాది షిఫ్టుల ఉద్యోగం. నాన్నగారు రోజూ సైటు దగ్గర ఉండగలరు గానీ ఆయనకు ఈ పనిలో అనుభవం లేదు. మాఘమాసంలో శంకుస్థాపన చేయాలనుకుంటున్నాము. ఇటీవల ఇల్లు కట్టుకున్నవారు తమ అనుభవం చెప్పగలరని మనవి.

పెందుర్తి
మేము సామగ్రితో సహా కాంట్రాక్టుకు ఇచ్చి కట్టించుకున్నాము, పని సంతృప్తిగానే పూర్తయింది. అయితే ధర మాట్లాడుకునే ముందే చదరపు అడుగు అంటే ఏమిటో కాగితం మీద తేల్చుకోవాలి. బాల్కనీకి పూర్తి రేటా, సగం రేటా, మెట్ల గది పైకప్పు లెక్కలోకి వస్తుందా, నీళ్ల సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, గేటు, బోరు, ముందు వైపు ఎలివేషన్ పని ఆ ధరలో ఉన్నాయా, విడిగా కట్టాలా అన్నవి రాసుకోకపోతే, రేటు తక్కువ చెప్పిన కాంట్రాక్టరే చివరికి ఎక్కువ ఖర్చు తేలుస్తారు. సిమెంటు, ఇనుము, వైరింగు, పైపుల కంపెనీ పేర్లు, శ్లాబు మందం, సింహద్వారం కలప రకం, గచ్చు రాయి లేదా టైల్సు చదరపు అడుగుకు ఎంత ధర వరకు అన్నవి కూడా ఒప్పందంలో ఉండాలి. చెల్లింపులను నెలలతో ముడిపెట్టకండి. పునాది పూర్తయ్యాక ఇంత, ప్లింత్ బీము (పునాది మీద, గోడల అడుగున వచ్చే బీము) పోశాక ఇంత, ఒక్కో శ్లాబు తర్వాత ఇంత అని దశలతో ముడిపెట్టి, చెప్పుకోదగ్గ మొత్తాన్ని ప్లంబింగు, రంగులు, చిల్లర మరమ్మతులు ముగిసేదాకా చేతిలో ఉంచుకోండి. శ్లాబు అయిన తర్వాత పని నెమ్మదించడం చాలా ఇళ్ల దగ్గర చూశాను. అప్పటికే డబ్బంతా ఇచ్చేసినవారికి అడిగే బలం ఉండదు.

గాజువాక గృహిణి
మా ఇంటికి కూలి మాత్రమే కాంట్రాక్టు ఇచ్చి, సామగ్రి మేమే కొన్నాము. రోజూ ఒకరు సైటు దగ్గర ఉండే వీలుంటే ఇదే మంచి పద్ధతి అని నా నమ్మకం, ఎందుకంటే ఇంట్లోకి ఏం వెళ్తోందో కళ్లారా తెలుస్తుంది. మీ నాన్నగారికి అనుభవం లేదని బెంగపడకండి, ఒక నోటు పుస్తకం చాలు. ఎన్ని బస్తాల సిమెంటు దిగింది, ఎన్ని వాడారు, బస్తా మీద తయారైన వారం ఏది, ఆ రోజు ఎంతమంది పనికి వచ్చారు అన్నవి రాస్తూ ఉంటే వారం తిరిగేసరికి లెక్క ఆయనకే పట్టుబడుతుంది. ఇనుము లారీని తప్పకుండా కాటా వేయించండి. 12 మిల్లీమీటర్ల రాడ్డు మీటరుకు సుమారు 0.89 కిలోలు, 16 మిల్లీమీటర్లది సుమారు 1.58 కిలోలు తూగాలి. మిల్లీమీటర్లలో ఉన్న రాడ్డు వ్యాసాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే ఏ రాడ్డుకైనా మీటరు బరువు కిలోల్లో వస్తుంది. తక్కువ తూగితే రాడ్డు సన్నమని అర్థం, అది డిజైనులో బలం తగ్గినట్టే. తడి ఇసుక పొంగి ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి వానాకాలంలో ట్రక్కు కొలతను చూసి మోసపోవద్దు.

బ్యాంకు రుణం తీసుకునేటట్టయితే ఆ సొమ్ము గురించి ఒక మాట. ఒక దశ పని పూర్తయి, వారి ఇంజినీరు వచ్చి చూసి వెళ్లాకే తర్వాతి విడత వస్తుంది. ఆ మధ్యలో మేస్త్రీకి వారం వారం కూలి ఇవ్వాలి కాబట్టి, కనీసం ఒక శ్లాబు ఖర్చు సొంత డబ్బుగా పక్కన ఉంచుకున్నాకే పునాది తవ్వడం మంచిది.

విశ్రాంత సైటు ఇంజినీరు
కాంట్రాక్టు పద్ధతి ఏదైనా, కాంక్రీటు కింద కప్పబడిపోయే పనిని పోయకముందే మీకు సంబంధించిన మనిషి ఒకరు చూసి తీరాలి. అందుకు కాంట్రాక్టరుతో సంబంధం లేని స్ట్రక్చరల్ ఇంజినీరుకు రుసుము చెల్లించి, ఫుటింగులు (పిల్లర్ల కింది పునాది దిమ్మెలు), పిల్లర్లు, శ్లాబులు పోసే ముందు రోజు సైటుకు రమ్మని మాట తీసుకోండి. మొత్తం ఖర్చులో అది చాలా చిన్న భాగం.

మధురవాడ, కొమ్మాది ప్రాంతాల్లో కొండవాలును చదును చేసిన లేఅవుట్లు ఉన్నాయి. అలాంటి చోట ఒకే స్థలంలో ఒక మూల గట్టి గ్రావెలు, మరో మూల పోసి నింపిన మట్టి తగలవచ్చు. రెండు మూలలూ ఒకేలా కుంగవు, గోడలు నెర్రెలిచ్చేది అక్కడే. అందుకే ఫుటింగుల లోతు నిర్ణయించే ముందు మట్టి పరీక్ష చేయించండి.

ఇక మన ఊరి అసలు శత్రువు ఉప్పుగాలి. అందులోని క్లోరైడు కాంక్రీటు లోపలికి చేరి ఇనుమును తుప్పు పట్టిస్తుంది, తుప్పు ఉబ్బి శ్లాబు అడుగు పెచ్చులుగా ఊడిపోతుంది. కాంక్రీటు పనికి భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం తీర వాతావరణానికి నేరుగా గురయ్యే కాంక్రీటు కనీసం ఎం-30 అనే బలం గ్రేడుది, ఇనుము మీద కవరు (రాడ్డును కప్పే కాంక్రీటు మందం) 45 మిల్లీమీటర్లు ఉండాలి. ఉప్పుగాలి నుంచి కొంత చాటు ఉన్నచోట ఎం-25, 30 మిల్లీమీటర్లు. మీ స్థలం ఏ తరగతిలోకి వస్తుందో డిజైనరు ప్లానులోనే రాయాలి. సైటులో ఈ కవరు కోసం చాలామంది కంకర ముక్కలు పెడతారు. కాంక్రీటు పోసేటప్పుడు అవి జారిపోయి, రాడ్డు సెంట్రింగు (కాంక్రీటు గట్టిపడేదాకా మోసే అచ్చు) రేకును ఆనుకుంటుంది. సిమెంటు కవరు బ్లాకులు ముందే తెప్పించి కట్టించండి.

బాల్కనీ, సజ్జల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వాటిలో ముఖ్యమైన ఇనుము పై వరసలో ఉంటుంది. తట్టలు మోసేవారు దాని మీదుగా నడిస్తే ఆ వరస అణిగి కిందికి చేరుతుంది, పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. రాడ్ల కింద కుర్చీలు (పై వరసను ఎత్తులో నిలిపే వంచిన రాడ్లు) పెట్టించి, నడవడానికి విడిగా చెక్కలు వేయించి, పోత పూర్తయ్యేదాకా నాన్నగారిని ఆ మూలనే నిలబడమనండి. పీపీసీ (బొగ్గు బూడిద కలిపిన) సిమెంటు వాడితే తడిపే రోజులు పదికి తగ్గకూడదు, పద్నాలుగైతే మేలు. శ్లాబు మీద మళ్లు కట్టి నీళ్లు నిలపాలి. పిల్లర్లకు గోనెపట్టా చుట్టకపోతే ఎన్నిసార్లు తడిపినా నిమిషాల్లో ఆరిపోతాయి.

కొమ్మాది నివాసి
మీ అందరికీ కృతజ్ఞతలు. మట్టి పరీక్షకు ఈ వారమే మాట్లాడతాను. మాఘంలో మొదలుపెడితే వానల లోపు రెండు శ్లాబులూ పూర్తవుతాయా? సెంట్రింగు ఎప్పుడు విప్పవచ్చు? మా వీధిలో బోరు నీరు కొంచెం ఉప్పగా ఉంటుంది, దానితో కాంక్రీటు కలపవచ్చా?

భీమిలి రోడ్డు
సమయం గురించి నేను చెబుతాను. మాఘంలో పునాది పడితే, పనివారు ఊళ్లకు వెళ్లే సంక్రాంతి అప్పటికే దాటిపోతుంది, నైరుతి వానల లోపు శ్లాబులు ముగించే అవకాశమూ ఉంటుంది. తలుపులు, కిటికీలు మాత్రం అక్టోబరుకు ముందే బిగించండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటిన రోజు అద్దాలు పగిలి నీళ్లతో నిండిన గదులు మన ఊళ్లో ఎన్నో చూశాము. తుపాను హెచ్చరిక వస్తే సెంట్రింగు చెక్కలు, రేకులు, వదులుగా ఉన్న ఇటుకలు కట్టి కిందికి దించే బాధ్యత ఎవరిదో ఒప్పందంలో రాయండి. ఇటుకల విషయంలో పెద్దగా ఆలోచించనక్కర లేదు, పరవాడ సింహాద్రి విద్యుత్ కేంద్రం దగ్గరే ఉండటంతో మనకు ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) ఇటుకలు సులువుగా దొరుకుతాయి. రెండింటిని కొట్టి చూసి, నీళ్లలో నానబెట్టి చూసి తీసుకోండి.

విశ్రాంత సైటు ఇంజినీరు
శ్లాబు స్పాను (ఆధారాల మధ్య దూరం) నాలుగున్నర మీటర్ల లోపైతే మామూలు సిమెంటుతో ఆధారపు కర్రలు ఏడు రోజులు, అంతకు మించితే పద్నాలుగు రోజులు ఉంచాలన్నది కనీస నియమం. స్పాను ఆరు మీటర్లు దాటిన బీములకు ఇరవై ఒక్క రోజులు. పీపీసీ మొదట్లో నెమ్మదిగా బలపడుతుంది కాబట్టి ఇంకొన్ని రోజులు ఆగండి. పై అంతస్తు శ్లాబు బరువు మోయవలసి ఉంటే కింది ఆధారాలను ముందే తీయనివ్వకండి.

ఉప్పు నీటిని నాలుకతో అంచనా వేయవద్దు. ఇనుము ఉన్న కాంక్రీటు కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించకూడదు. ఒక సీసా నీటిని ప్రయోగశాలకు ఇచ్చి చూపించండి. ఎక్కువ వస్తే శ్లాబు, పిల్లర్ల కోసం మునిసిపల్ నీరో, పరీక్షించిన ట్యాంకరు నీరో తెప్పించుకోవాలి, తడపడానికి కూడా ఆ బోరు నీటిని వాడకండి. పునాది తవ్వక ముందే ఈ ఏర్పాటు చేసుకుంటే ట్యాంకరు ఖర్చును అంచనాలో కలుపుకోవచ్చు.