చిల్లు కాణీల మీద ఆకుపచ్చ పొడి: తుడిచినా మళ్లీ వస్తోంది

పెదవాల్తేరు_పైసా:
ఇల్లు సముద్రానికి దగ్గర. 1943–47 నాటి చిల్లు కాణీలు నలభై దాకా, విక్టోరియా రాణి కాణీలు కొన్ని, 1957 నయాపైసలు ప్లాస్టిక్ ఆల్బంలో ఉన్నాయి. ఏడెనిమిదింటికి లేత ఆకుపచ్చ పొడి పట్టింది. తుడిస్తే పోయి పది రోజులకి మళ్లీ వస్తోంది. కొన్ని జిగురుగా తగులుతున్నాయి. చింతపండుతో తోమొచ్చా?

కంచుపెట్టె:
చింతపండు జోలికి వెళ్లకండి. పులుపుకి పైపొర మొత్తం పోయి నాణెం గులాబీ రంగుకి తిరుగుతుంది, కొనేవాళ్లు చూడగానే పట్టేస్తారు. మీకున్నవి రెండు వేర్వేరు తెగుళ్లు. జిగురు ఆల్బంలోని పీవీసీ అనే ప్లాస్టిక్ నుంచి వచ్చింది. గాజు గిన్నెలో శుద్ధమైన అసిటోన్ (త్వరగా ఆవిరయ్యే ద్రావకం) పోసి పావుగంట నానబెట్టి, కొత్త అసిటోన్‌లో ఇంకోసారి ముంచండి. నెయిల్ పాలిష్ రిమూవర్ పనికిరాదు. కిటికీలు తీసి ఉంచండి, దగ్గర్లో మంట ఉండకూడదు.

పొడి సంగతి వేరు. ఉప్పుగాలిలోని క్లోరైడ్ లోహంలోకి దిగితే, తేమ తగిలినప్పుడల్లా ఆమ్లం పుట్టి రాగిని తింటుంది. మీరు తుడిచేది పైపైనే, వేరు లోపలే ఉంది. పుల్లతో గీకితే రాలి, కింద చిన్న గుంట కనిపిస్తే అది ఈ తెగులే. గట్టిగా, నున్నగా ఉన్న ముదురు ఆకుపచ్చని మాత్రం ముట్టుకోకండి, అది నాణేనికి కవచం.

ఎంవీపీ_నాణెం:
తెగులు పట్టినవి ఈరోజే వేరు చేయండి. భూతద్దం కింద టూత్‌పిక్‌తో పొడి తీయండి. చిల్లు లోపలి అంచు మర్చిపోవద్దు, పొడి దాక్కునేది అక్కడే. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో మూడు నాలుగు వారాలు ఉంచండి. మొదటి వారం రోజూ నీళ్లు మార్చాలి, ఆపైన మూడు రోజులకోసారి. కుళాయి నీళ్లలోనే క్లోరిన్ ఉంటుంది, వద్దు. చివర్లో అసిటోన్‌లో ముంచి తీస్తే తడి పోతుంది.

పెదవాల్తేరు_పైసా:
ఆరాక ఎక్కడ పెట్టాలి? చెక్క బీరువా సరిపోతుందా?

కంచుపెట్టె:
వద్దండి, చెక్క నుంచి, ప్లైవుడ్ నుంచి ఆమ్లపు ఆవిరి వస్తుంది. పాలిస్టర్ ఫిల్మ్ ఉన్న అట్ట హోల్డర్లలో పెట్టి, గాలి చొరబడని డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్‌తో దాచండి. లోపల చిన్న తేమ మీటరు పెట్టి 40 శాతం దాటకుండా చూడాలి. మన ఊళ్లో జెల్ తొందరగా నిండిపోతుంది. రంగు మారే రకం కొంటే ఎప్పుడు వేడి చేయాలో దానంతట అదే చెబుతుంది. రెండు వారాల తర్వాత మళ్లీ భూతద్దం పట్టండి. పొడి కనిపిస్తే నానబెట్టడం మొదటి నుంచి చేయాలి.

ఎంవీపీ_నాణెం:
ఇంకొకటి, ఏది రాగిదో ఏది కంచుదో తెలియాలంటే తూకం చూడండి. విక్టోరియా కాణీలు 6.47 గ్రాములు, అవి రాగివి. 1906లో కంచుకి మారాక 4.86 గ్రాములే. శుభ్రం చేసే పద్ధతి రెండింటికీ ఒకటే.