చీరల షాపు లెక్కలు క్లౌడ్‌లో పెట్టొచ్చా?

పత్తర్‌గట్టీ షాపు:
మాది చీరల హోల్‌సేల్. 2020 అక్టోబర్ వానలకు సెల్లార్‌లోకి నీళ్లొచ్చి బిల్లింగ్ కంప్యూటర్ మునిగిపోయింది. హార్డ్‌డిస్క్ విప్పితే లోపలంతా బురద. ఉద్దెర లెక్కలన్నీ పోయాయి. నాన్న పాత చిట్టా పట్టుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేశారు. ఇప్పుడు క్లౌడ్‌కి మారమంటున్నారు, అంటే లెక్కలు మన కంప్యూటర్‌లో కాకుండా నెట్ ద్వారా వేరే కంపెనీ సర్వర్లలో పెట్టడం. నెలనెలా కిరాయి కట్టడం దండగా? నెట్ పోతే కౌంటర్ ఆగిపోతుందా?

మాదాపూర్ నుంచి:
దండగ కాదన్నా. సర్వర్ కొంటే దసరా రద్దీకి సరిపడేది కొనాలి, మిగతా ఏడాదంతా అది ఊరికే నడుస్తుంటుంది. క్లౌడ్‌లో అయితే బతుకమ్మ ముందు పెంచుకుని, దీపావళి అయ్యాక తగ్గించుకోవచ్చు. అమెజాన్ 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లోనే తన క్లౌడ్ రీజియన్ (సర్వర్లుండే డేటా సెంటర్ల సముదాయం) తెరిచింది, 3 అవైలబిలిటీ జోన్లతో, అంటే దేనికది విడిగా నడిచే డేటా సెంటర్లతో. ఒక జోన్‌లో ఇబ్బందొచ్చినా ఇంకోదాంట్లో నడిచేలా పెట్టుకోవచ్చు. అది దానంతటదే రాదు, అడిగి చేయించుకోవాలి. ఇంకో మాట, ఖర్చు అనుకున్న హద్దు దాటితే మెసేజ్ వచ్చేలా బడ్జెట్ అలర్ట్ మొదటిరోజే పెట్టండి. టెస్ట్ సర్వర్ ఆపడం మరిచి నేను నెల బిల్లు కట్టాను.

కూకట్‌పల్లి మెడికల్ షాపు:
నెట్ లేకున్నా బిల్లు కొట్టి, వచ్చాక సింక్ అయ్యే (షాపులో లెక్కా, క్లౌడ్‌లో లెక్కా దానంతటదే ఒకటయ్యే) సాఫ్ట్‌వేరే తీసుకోండి. మేం అదే వాడుతున్నాం. కానీ సింక్ అంటే బ్యాకప్ కాదు! మా కుర్రాడు పొరపాటున స్టాక్ డిలీట్ చేస్తే క్లౌడ్‌లోనూ పోయింది. వారానికోసారి వేరే కాపీ దించుకోండి.

పత్తర్‌గట్టీ షాపు:
ఈ కాపీ సంగతి అమ్మడానికొచ్చినాయన చెప్పనే లేదు. రేపు షాపు తెరవగానే అడుగుతా.