చేత్తో గీసిన సన్నగీతలు స్క్రీన్ మీద తెరుచుకోవట్లేదు

ప్రశ్న: నేనూ మా చెల్లీ ఇంట్లోనే చిన్నగా స్క్రీన్ ప్రింటింగ్ మొదలుపెట్టాం, బొమ్మలన్నీ ట్రేసింగ్ పేపర్ మీద చేత్తోనే గీస్తాం. ఆ కాగితం స్క్రీన్ మీద పెట్టి ఎక్స్‌పోజ్ చేసి (లైటు పట్టించి) కడిగితే లావు గీతలు వస్తున్నాయి, సన్నవి మూసుకుపోతున్నాయి. తప్పు స్క్రీన్‌కి పూసే ఎమల్షన్‌దా (వెలుగు తగిలితే గట్టిపడే పూత), నాదా?

జవాబు 1: కాగితాన్ని లైటుకు ఎత్తి చూడండి. నలుపు పలచగా ఉంటే వెలుగు దూరి కింద ఎమల్షన్ గట్టిపడుతుంది, ఇక ఎంత కడిగినా పోదు. ఇండియన్ ఇంకు రెండు పూతలు వేయండి. పెన్సిల్ షేడింగ్ మాత్రం మర్చిపోండి, నీడ కావాలంటే చుక్కలే.

జవాబు 2: మెష్ (స్క్రీన్‌కి బిగించే జాలీ గుడ్డ) ఎంత? సెంటీమీటరుకు 43 దారాలది బట్టకి సరే, కాగితం మీద సన్నగీతలకైతే 90 పైన తీసుకోండి. ఎక్స్‌పోజ్ చేసేటప్పుడు కాగితం స్క్రీన్‌కి అంటుకునేలా పైన బరువైన గాజు పెట్టారా?

ప్రశ్న అడిగినవారు: ఎత్తి చూశానండీ, స్కెచ్ పెన్ను నలుపు జల్లెడలా ఉంది! గాజు కూడా పెట్టలేదు.