బధిరులతో కలిసి చేసే పౌర పరిశోధనలో ప్రశ్నలు, సమ్మతి ఏ భాషలో ఉండాలి?

ప్రశ్న
నమస్కారం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో బధిరులకు ఎదురయ్యే అనుభవాలపై వారే సమాచారం సేకరించి విశ్లేషించేలా ఒక పౌర పరిశోధన చేపట్టాలని మా కళాశాల సామాజికశాస్త్ర విభాగం సంకల్పించింది. తెలుగులో ముప్పై ప్రశ్నలూ, ఒక సమ్మతి పత్రమూ సిద్ధం చేశాం. వీటిని దుభాషి చేత సంజ్ఞా భాషలో చెప్పిస్తే సరిపోతుందా? ఎవరి గుర్తింపూ బయటపడకుండా వీడియోల్లో ముఖాలను మసకబరచాలనుకుంటున్నాం.

జవాబు 1
నేను బధిర దంపతుల కుమార్తెను, దుభాషిగా పనిచేస్తున్నాను. ముఖాన్ని మసకబరిస్తే భాషే పోతుందండీ. భారతీయ సంజ్ఞా భాషలో అవునా కాదా అని అడిగే ప్రశ్నకు కనుబొమలు పైకి లేస్తాయి, కాదనడానికి తల అడ్డంగా ఊగుతుంది; ముఖం కనిపించకపోతే ‘మందు ఇచ్చారు’ అన్నారో, ‘మందు ఇచ్చారా’ అని అడిగారో చూసేవారికి తెలియదు. అసలు వీడియోను మీ బృందం వరకే ఉంచుకుని, బయటికి చూపవలసిన భాగాన్ని మరొక బధిర సభ్యుని చేత తిరిగి సంజ్ఞల్లో చెప్పించి చిత్రీకరించడం మేలు. అయినా ఒక ఊళ్ళో బధిరులు కొద్దిమందే ఉంటారు కనుక, చదివిన బడి, వెళ్ళిన ఆసుపత్రి చెబితే చాలు, మనిషెవరో మిగిలినవారికి తెలిసిపోతుంది. ఈ సంగతి దాచకుండా సమ్మతి వీడియోలోనే చెప్పండి. తరగతిలో చూపడానికి, ఇంటర్నెట్‌లో పెట్టడానికి వేర్వేరుగా అనుమతి అడగండి.

జవాబు 2
నేను పుట్టు బధిరుణ్ణి. తెలుగు నేను బడిలో నేర్చుకున్న రెండో భాష. ముప్పై ప్రశ్నలూ మీరే రాసుకున్నాక మేము చేసే పరిశోధన ఏముంటుంది? బహుశా మీరు వైద్యుని ప్రవర్తన గురించి అడిగి ఉంటారు. నా కష్టం అంతకు ముందే మొదలవుతుంది: ఓపీ చీటీ తీసుకుని కూర్చుంటే పేరు పిలిచినది నాకు తెలియదు, నా వరుస దాటిపోతుంది. లోపలికి వెళ్ళాక నా మాట చెప్పడానికి మా అమ్మాయి ఉంటుంది గానీ, ఆమె ముందు చెప్పుకోలేని జబ్బులూ ఉంటాయి. ఇవి మీ పత్రంలో ఉన్నాయా? మరొక మాట. దుభాషికి రుసుము చెల్లించి, కూలి మానుకుని వచ్చిన మమ్మల్ని స్వచ్ఛంద సేవకులనడం న్యాయం కాదు.

జవాబు 3
ప్రశ్నలను ఎవరు, ఎలా తయారుచేస్తారన్నది ఎంత ముఖ్యమో చెప్పడానికి జనగణనే ఉదాహరణ. వినికిడి వైకల్యం ఉన్నవారు 2001లో సుమారు 12.6 లక్షలు, 2011లో 50.7 లక్షలు. శ్రవణ యంత్రంతో వినగలిగేవారిని మొదటిసారి లెక్కలోకి తీసుకోలేదు, రెండోసారి తీసుకున్నారు. నిర్వచనం మారితే మనుషుల సంఖ్యే అంతగా మారుతున్నప్పుడు, ఎవరిని, ఏమని అడగాలో నిర్ణయించడంలో బధిరులు ఉండి తీరాలి. ‘సమ్మతి’, ‘పరిశోధన’ వంటి మాటలకు ఏ సంజ్ఞ వాడాలో కూడా ముందే వారితో కలిసి తేల్చుకోండి. భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2021లో 10,000 పదాల నిఘంటువు తెచ్చింది గానీ, ప్రాంతాన్ని బట్టి సంజ్ఞలు మారుతుంటాయి.

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలు. ఆ ముప్పై ప్రశ్నలను పక్కన పెడుతున్నాం, పారితోషికం అందరికీ సమానంగా ఇస్తాం. ప్రశ్నలు తయారుచేసే తొలి సమావేశం ఆదివారం పెడితే మీకు వీలవుతుందా?

జవాబు 2
ఆదివారమే అనుకూలం. వెలుతురు బాగా ఉన్న గది చూడండి, కుర్చీలు గుండ్రంగా వేయించండి. ఒకరి చేతులు ఒకరికి కనిపించాలి.