ఆలిస్ స్ప్రింగ్స్‌కి వెళ్తున్నాం, ఏ ఫోర్ వీల్ డ్రైవ్ కొనమంటారు?

అందరికీ నమస్కారం. ఏడాది కిందట హైదరాబాద్ నుంచి మెల్‌బోర్న్ వచ్చాం. మా ఆవిడకి ఆస్ట్రేలియా నడిమధ్య ఎడారి ఊరు ఆలిస్ స్ప్రింగ్స్‌లో నర్సు ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల మారుతున్నాం. ఇద్దరు పిల్లలు. అక్కడ ఫోర్ వీల్ లేకపోతే కుదరదని అందరూ భయపెడుతున్నారు. టొయోటా ల్యాండ్ క్రూజర్ 300 కొత్తది తీసుకుని, లిఫ్ట్ చేయించి (బండి ఎత్తు పెంచి), పైన రూఫ్ ర్యాక్, టెంటు పెట్టిద్దామనుకుంటున్నా. లోన్ లెక్క చూస్తే మాత్రం టెన్షన్‌గా ఉంది. ఆర్‌ఏవీ4 లాంటి ఏడబ్ల్యూడీ (ఆల్ వీల్ డ్రైవ్) కారుతో సరిపెట్టుకోవచ్చా?

జవాబు (ఆలిస్ స్ప్రింగ్స్):

తమ్ముడూ, ముందు నువ్వు ఏ రోడ్ల మీద తిరుగుతావో చూసుకో. స్టువర్ట్ హైవే మీద దక్షిణాన అడిలైడ్, ఉత్తరాన డార్విన్, ఒక్కోటీ దాదాపు 1,500 కి.మీ. గానీ దారంతా తారే. ఉలూరు 450 కి.మీ., అదీ తారే. గ్లెన్ హెలెన్ దాకా కొండల్లో తిరగడానికి మామూలు కారు చాలు. ఇంతవరకే అయితే ఆర్‌ఏవీ4 హాయిగా సరిపోతుంది.

పామ్ వ్యాలీ దగ్గర కథ మారుతుంది. అక్కడ ఫింక్ నది గర్భంలో, ఇసుకలో, రాళ్ల మెట్ల మీద ఎక్కించాలి. బండి ఎత్తుగా ఉండాలి, నిదానంగా, ఎక్కువ బలంతో లాగే లో రేంజ్ గేర్ ఉండాలి. నాలుగు చక్రాలకీ పవర్ వచ్చినంత మాత్రాన లో రేంజ్ ఉన్నట్టు కాదు, షోరూమ్‌లో ఈ ముక్క గట్టిగా అడుగు. ఆలిస్ నుంచి వాయవ్యంగా ఎడారిలోకి పోయే తనామీ రోడ్డుది ఇంకో బాధ. తారు అయిపోయాక మట్టిరోడ్డు రేకుల షెడ్డు పైకప్పులా అలలు అలలుగా ఉంటుంది. గంటల తరబడి ఆ అదురుకి ముందు పోయేవి టైర్లు, షాకబ్జార్బర్లు, తర్వాత రూఫ్ ర్యాక్ బోల్టులు.

అందుకే 300 మీద మోజు కాస్త పక్కన పెట్టు. బండి మంచిదే, కాదనను. కానీ పెద్ద బండి కదా ఎంతైనా మోస్తుందనుకుంటే పొరపాటు. మోడల్‌ని బట్టి దాని పేలోడ్ (మనుషులు, సామాను, తగిలించినవి అన్నీ కలిపి మోయగలిగే బరువు) 650-700 కిలోల చుట్టూ తిరుగుతుంది. అందులో దాదాపు సగం ధరకొచ్చే ఇసుజు ఎంయూ-ఎక్స్‌దీ ఇంచుమించు అంతే! మీ నలుగురూ కలిపి పావు టన్ను. జంతువులు తగిలితే బండిని కాపాడే స్టీల్ బుల్ బార్, రూఫ్ ర్యాక్, టెంటు, రెండో బ్యాటరీ, నీళ్ల క్యాన్లు వేస్తూ పోతే, ఇంకా సామాను ఎక్కించకముందే పరిమితి దగ్గరికి వచ్చేస్తావు. ఆ బరువు దాటి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు పేచీ పెట్టొచ్చు. లిఫ్ట్ చేస్తే బండి ఎత్తు పెరుగుతుంది గానీ, మోసే బరువు దానంతటదే పెరగదు.

రెండోది డీజిల్ ట్యాంకు. ఎంయూ-ఎక్స్‌కి 80 లీటర్లు, కొత్త టొయోటా ప్రాడోకి 110. మట్టిరోడ్డు మీద లోడుతో 100 కి.మీ.కి 11 లీటర్లు తాగుతుందనుకో, మొదటిదానికి 700 కి.మీ., రెండోదానికి 1,000. ఆలిస్ నుంచి తనామీ రోడ్డు మీదున్న యుయెండుముకి దాదాపు 290 కి.మీ., రానూ పోనూ 580. రెండూ సరిపోతాయి, కాకపోతే ప్రాడోలో గుండె నిబ్బరంగా ఉంటుంది. పైగా ప్రాడో ఎప్పుడూ నాలుగు చక్రాల మీదే నడుస్తుంది. ఎంయూ-ఎక్స్‌ని మాత్రం పొడి తారు మీద టూ వీల్‌లోకి మార్చుకోవాలి. నిస్సాన్ పాట్రోల్ వీ8 ఊరిస్తుంది గానీ అది పెట్రోలు, అదీ 95 ఆక్టేన్ అడుగుతుంది. కమ్యూనిటీల్లో (మారుమూల అబోరిజినల్ ఊళ్లలో) దొరికేది పెట్రోలు వాసన పీల్చే వ్యసనాన్ని ఆపడానికి తెచ్చిన లో ఆరొమాటిక్ పెట్రోలు, అది 91 ఆక్టేనే.

నన్నడిగితే ఎంయూ-ఎక్స్, లేదా చేతిలో డబ్బుంటే ఐదు సీట్ల ప్రాడో. ఏడు సీట్ల ప్రాడోలో హైబ్రిడ్ బ్యాటరీ వల్ల డిక్కీ నేల ఎత్తుగా ఉంటుంది, సోనామసూరి బస్తాలు వేసేటప్పుడు తెలుస్తుంది. ఏది కొన్నా లిఫ్టూ గిఫ్టూ వద్దు. షోరూమ్ టైర్లు తీసేసి ఎల్‌టీ (లైట్ ట్రక్) రకం, మట్టికీ తారుకీ పనికొచ్చే ఆల్ టెరైన్ టైర్లు వేయించు, స్టెప్నీ కూడా అదే సైజు ఉండాలి. ఒక కంప్రెసర్, పంక్చర్ ప్లగ్గుల కిట్టు కొనుక్కో. మట్టిరోడ్డు ఎక్కేముందు గాలి 28 పీఎస్ఐకి దించి, స్పీడు తగ్గించు. మళ్లీ తారెక్కగానే నింపేయ్.

జవాబు (డార్విన్):

అన్న చెప్పింది నిజం. ఇంకో మాట, మీ మిసెస్‌ని డ్యూటీ మీద కమ్యూనిటీ క్లినిక్‌లకి పంపితే చాలాచోట్ల ఆఫీసు బండే ఇస్తారు. ముందు ఆవిణ్ణి అది కనుక్కోమనండి. ఇంటి బండి వారాంతాలకే అయితే ఇంత ఖర్చు దేనికి? బండి కన్నా ముందు పీఎల్‌బీ (పర్సనల్ లొకేటర్ బీకన్) కొనండి. ఫోన్ సిగ్నల్ లేనిచోట బటన్ నొక్కితే శాటిలైట్ ద్వారా రెస్క్యూ వాళ్లకి కబురు వెళ్తుంది. ఆమ్సా (ఆస్ట్రేలియా మారిటైమ్ సేఫ్టీ అథారిటీ) సైట్‌లో రిజిస్ట్రేషన్ ఉచితం. మనిషికి రోజుకి పది లీటర్ల నీళ్లు లెక్కేసుకోండి. బండి ఆగిపోతే దిగి నడవకండి, పైనుంచి వెతికేవాళ్లకి మనిషికన్నా బండే తొందరగా కనిపిస్తుంది. మెరీనీ లూప్‌కి పాసు కావాలి, అబోరిజినల్ భూముల్లో మిగతా చాలా రోడ్లకి సెంట్రల్ ల్యాండ్ కౌన్సిల్ పర్మిట్ అడుగుతారు.

ప్రశ్న అడిగినవారు:

చాలా థాంక్స్ అన్నా, అక్కా. 300 ఆలోచన మానేశా. బండి మెల్‌బోర్న్‌లోనే కొని నడుపుకుంటూ రావచ్చా? బుల్ బార్ మరి?

జవాబు (ఆలిస్ స్ప్రింగ్స్):

రావచ్చు. కాకపోతే కొనేముందు ఆ కంపెనీ సర్వీసు సెంటర్ ఆలిస్‌లో ఉందో లేదో, అపాయింట్‌మెంట్ ఎన్నాళ్లకి దొరుకుతుందో ఫోన్ చేసి కనుక్కో. బుల్ బార్ నీ ఇష్టం, పెట్టిస్తే ఎయిర్‌బ్యాగులకి సరిపడేదే. అది కంగారూకి పనికొస్తుంది గానీ, ఒంటె అడ్డమొస్తే ఏ బారూ ఆపలేదు. పొద్దు వాలేసరికి బండి ఆపెయ్. పోర్ట్ అగస్టాలో ట్యాంకు నింపుకుని, కూబర్ పీడీలో రాత్రికి ఆగు. గ్లెండాంబో దాటాక కూబర్ పీడీ దాకా 250 కి.మీ. బంకే లేదు. ఎదురుగా 53 మీటర్ల రోడ్ ట్రైన్ (వరసగా ట్రైలర్లు తగిలించిన లారీ) వస్తే స్టీరింగ్ గట్టిగా పట్టుకో, ఓవర్‌టేక్ చెయ్యాలనుకుంటే మాత్రం కిలోమీటరు పైగా ఖాళీ కనిపించాల్సిందే.